రాగిరేకులో తేనె

రాజుగారి కొలువులో పాటలు రాసున్న తాటాకుల్ని చెదలు తినేస్తున్నాయని, కంసాలి గవరయ్య మూడేళ్లు కూర్చుని అన్నిటినీ రాగిరేకుల మీద చెక్కాడు. ఒక్క అక్షరం పోనివ్వలేదు.

"రాగికెక్కితే పాటలో తీపి పోద్ది ప్రభూ, ఈ రేకుల్ని కరిగించేయండి" అన్నాడు ఆస్థాన పండితుడు రాజుతో.

గవరయ్య ముందుకొచ్చాడు. "తెర వెనక రెండుసార్లు పాడిస్తాను. ఏది తాటాకు పాటో పండితులుగారు చెప్తే నేనే కరిగిస్తాను" అన్నాడు.

గాయని ఒకే పాటని రెండుసార్లు పాడింది.

"మొదటిది తాటాకు. తేనే అనుకోండి. రెండోది రాగి, ఒట్టి బిందె మోత" అన్నాడు పండితుడు.

గవరయ్య తెర లాగేశాడు. గాయని చేతిలో రాగిరేకు ఒక్కటే ఉంది.

"రెండుసార్లూ దీన్ని చూసే పాడింది ప్రభూ. పండితులుగారికి తగిలిన తేనె ఈ రేకులోదే."

రాజు రేకుల గది తాళంచెవి గవరయ్య చేతిలో పెట్టాడు.