మేకు లేని గోడ

సిరివాడ కోట గోడ మీద ఎవరో కుంచెతో ‘దివాను దొంగ’ అని రాశారు. ఊళ్లో అంగళ్ల పలకలన్నీ రాసేది పైడయ్యే. అలవోకగా పక్కకు వాలే ఆ అక్షరాలు అతనివేనని అనుమానించి, దివాను భూపాలరావు భటులతో పట్టి తెప్పించాడు.

"నీ చెయ్యి నరికిస్తే గాని బుద్ధి రాదు!"

పైడయ్య గోడను తేరిపార చూశాడు.

"అక్షరాలు నావేనయ్యా, రాసింది మాత్రం నేను కాదు. ఆ ‘వా’ మధ్యలో వంకర తిరిగింది చూడండి. మీ ఏకాంత మందిరం తలుపు మీద ‘దివాను గారి మందిరం’ అని రాసేటప్పుడు, చెక్కలో మేకు అడ్డమొస్తే కుంచెను అలాగే తిప్పాను. ఈ గోడకు మేకే లేదు. ఎవరో ఆ తలుపు మీద పల్చని కాగితం ఆనించి ‘దివాను’ దించుకుని, ‘దొంగ’ను అదే వాలుతో కలిపారు. సొంత రాతను దించుకునే ఖర్మ నాకేంటయ్యా?"

దివాను వెళ్లి తలుపు చూసొచ్చాడు. మేకూ ఉంది, వంకరా ఉంది.

"ఇతన్ని వదిలెయ్యండి," అన్నాడు.

ఆ మందిరం దాకా వెళ్లగలిగేది దివాను బావమరిది ఒక్కడే. భూపాలరావు పక్కనే నిలబడ్డ అతని వైపు తిరిగాడు.

"బావమరిదీ, చేతులు వెనక ఎందుకు పెట్టుకున్నావు? ఏదీ, చూపించు."