ఎంగిలమ్మ గుట్ట మీద తెల్లద్రాక్ష సాక

పూర్వం, గుట్టకింది దొర తోటలో సాంబవ్వ ఉండేది. యాభై రెండేళ్లు. ఉప్పు చూడకుండా ఏ కుండనూ పొయ్యి మీంచి దించేది కాదు.

ఇరవై ఏళ్లుగా ఆమె సాకిన తెల్లద్రాక్ష పండినా లేతపచ్చగానే ఉండేది. దాని రసాన్ని పులియబెట్టి, కుండల్ని వాగులోని తడి ఇసుకలో పాతి చల్లబరిచేది. ఆ కల్లు నాలుకకు తగలగానే మామిడిపిందెలా పుల్లగా జివ్వుమని, మింగుతుంటే నిమ్మపూల వాసనై, చివరికి తొలివాన పడ్డ బండలా చల్లగా మిగిలేది. జాతరనాడు తొలికుండను గుట్టమీది అమ్మవారి ముందు సాకగా ధారపోసేవారు; మిగతాది మగవాళ్లు తాగేవారు. చేసిన చేతులకు వాసన మాత్రమే దక్కాలని ఆచారం.

ఆ ఏడు జాతరనాడు గుట్టమీద, కొత్తగా పెత్తనానికొచ్చిన దొర మేకను కోసి వండిన నిప్పులాంటి యాటకూర తింటూ ఆ కల్లు తాగి ఉమ్మేశాడు.

"ఇది కల్లా, కుడితా? రేపు తీగలన్నీ నరికి మిరప పెట్టుండ్రి!"

నరికేది తన ఇరవై ఏళ్లను. సాంబవ్వ ముందుకొచ్చింది.

"తప్పు కల్లుది గాదు దొరా, నీ యాటకూరది. కారానికి మండిన నాలుకకు దీని రుచి ఏం తెలుస్తది? వాగు చేపలు ఉప్పూ పసుపూ వేసి వేయించుకో, వేడి గారెలు పెట్టుకో, అప్పుడు తాగు."

"నీకెట్ల తెలుసే?" అన్నాడు అమ్మవారి పూజారి.

"తాగిన గనుక తెలుసు అయ్యా. అమ్మకు పోసే కుండ గూడ రుచి చూసే పంపిన."

"ఎంగిలి సాకనా! అమ్మ ఊరుకుంటదా?"

"ఇరవై ఏండ్లాయె. కోపమొస్తే ఇయ్యాల్టిదాక ఆగుతదా? కోపానికి గూడ మీ సెలవు అడుగుతదా?"

ఆడవాళ్లు పకపకా నవ్వారు. పూజారి పంతంకొద్దీ, ఎవరూ రుచి చూడని కుండను ఇసుకలోంచి తెప్పించి, బండరూపంలో వెలసిన అమ్మవారిమీద పోశాడు. కల్లంతా కిందికి జారిపోయింది. సాంబవ్వ మరో కుండలోంచి గుక్కెడు తాగి, మిగతాది పోసింది. ఎండిన నేల వాననీళ్లు తాగినట్టు బండ చుక్క వదలకుండా పీల్చుకుంది. డప్పులు మోగాయి. ఆడవాళ్లు కుండలెత్తుకొని ఎగిరారు. సాంబవ్వ చెప్పినట్టు వేయించి తెచ్చిన చేపను దొర కొరికి, ఒక గుక్క తాగి, ఆలోచించి, చివరికి మూడో ముంతకు చెయ్యి చాచాడు. తీగల మీద గొడ్డలి పడలేదు.

నాటినుంచీ అది ఎంగిలమ్మ గుట్ట. ఆ బండమీద లేతపసుపు చార ఈనాటికీ కనబడుతుంది. జాతరలో ఒక స్త్రీ తాగి ఇచ్చాకే సాక పోస్తారు. వేయించిన చేపలూ గారెలూ తప్ప మరో నైవేద్యం గుట్ట ఎక్కదు.

సాంబవ్వ ఆ బండలో ఐక్యమైపోయిందని కథ చెప్పేవాళ్లు అంటారు. అబద్ధం. మరుసటి ఏడు ఆమె దొరచేత ఆ తోటను తన పేర పట్టా చేయించుకుంది.