సన్నాయికి ఊగిన తల

చెప్పండి, ఆ రోజు మీరేం చూశారు? సభ ముగిశాక గానుగ కొట్టం ముందు నిలబడి "బసవన్న ఒప్పుకున్నాడు" అని అడవంతా దద్దరిల్లేలా అరిచారే, ఏం చూసి అరిచారు? తల పైకి లేచింది, కిందికి దిగింది. అంతేనా? ఈగ వాలినా తల కదులుతుంది. అన్ని జతల కళ్ళు అక్కడ ఉండి కూడా చూడాల్సింది చూసింది ఒక్క గాడిద. ఆమె ఏం చూసిందో, చూసి ఏం చేసిందో చెబుతాను. మధ్యలో లేవకండి.

ఇప్పచెట్ల అడవి అంచున, వాగు మలుపు దగ్గర జంతువులకు ఒక గానుగ ఉండేది. రాలిన ఇప్పగింజలు అందరూ ఏరుకొచ్చి కొట్టంలో పోసేవారు. కొమరయ్య అనే ఎద్దు కాడి మెడ మీద వేసుకుని పొద్దంతా గానుగ చుట్టూ తిరిగేవాడు. దిగిన నూనె సంతకు పోయేది. బదులుగా జొన్నచొప్ప, తవుడు, బెల్లం వచ్చేవి. వాన పట్టుకుని అడవి బురదైపోయిన కాలంలో పిల్లాపాపల కడుపులు నింపేది అదే. గింజలు చేజారితే ఆ ఏడు పస్తులే.

ఆ గింజల బస్తాలు మోసే గాడిద పేరు పోశవ్వ. చాకిరేవులో మూటలు మోసింది, బట్టీలో ఇటుకలు మోసింది. వీపు మీద ఇక వెంట్రుక మొలవని చోట్లు మిగిలాక అడవికి వచ్చింది. దెబ్బలు తిన్నది కాబట్టి దేనికీ బెదరదు. మామూలుగా మాట్లాడినా తగువాడుతున్నట్టే ఉంటుంది.

కొమరయ్య మోకాళ్ళు వణకడం ఆమె రోజూ చూస్తూనే ఉంది. ఒకనాడు వాగులో నీళ్ళు తాగుతుంటే, రాళ్ళ మధ్య ఇరుక్కున్న పాత తట్ట ఒకటి నీటి ఉరవడికి గిరగిరా తిరుగుతూ కనబడింది. తాగడం మానేసి దాన్నే చూస్తూ నిలబడింది. తట్టను తిప్పిన నీళ్ళు గానుగను మాత్రం ఎందుకు తిప్పవు? చక్రం ఒకటి కట్టి, గానుగను వాగు ఒడ్డుకు జరిపితే ఎద్దుకు ఊపిరాడుతుంది, నూనె కూడా ఎక్కువ దిగుతుంది. ఆ ఆలోచన పట్టుకుని ఆమె పెద్దల సభకు పోయింది.

పెద్దలంటే ముగ్గురు. ఎలుగుబంటి జాంబయ్య, నెమలి సింగారం, అందరికీ పైన బసవన్న. ఈ బసవన్న ఒకప్పుడు గంగిరెద్దు. మూపురం మీద అద్దాల బొంత, కొమ్ములకు కుచ్చులు ఇప్పటికీ తీయలేదు. ఊరూరూ తిరిగి లోకం చూసినవాడని, ఆయన తల నిలువుగా ఊపితే ఔనని, అడ్డంగా ఊపితే కాదని కొట్టంలో కట్టుబాటు. ఆయన ఎక్కువ మాట్లాడడు. ఆ మౌనం చూసే అందరికీ గౌరవం.

పోశవ్వ చెప్పాల్సింది సూటిగా చెప్పింది. చక్రం తిరుగుతుందో లేదో ముందు చిన్నది కట్టి చూద్దామంది, చెడితే పోయేది నాలుగు వెదురు బద్దలేనంది. జాంబయ్య గుంజకు వీపు రుద్దుకుంటూ విన్నాడు. సింగారం చక్రానికి ఏ రంగు వేస్తారని అడిగాడు. బసవన్న కళ్ళు అరమోడ్చి కూర్చున్నాడు. ఆయన తల నిలువుగానూ ఊగలేదు, అడ్డంగానూ ఊగలేదు. తర్వాత చూద్దామన్నారు.

ఆ తర్వాత నక్క వచ్చాడు. పేరు వీరేశం. బస్సులు ఆగే రోడ్డు పక్కన ఎంగిలాకులు నాకుతూ పెరిగి, ఇప్పుడు పట్నం చూసొచ్చానంటూ తిరుగుతున్నాడు. ఎవరో బస్సులోంచి జారవిడిచిన సెల్‌ఫోను ఒకటి మెడలో తాడు కట్టి వేలాడదీసుకున్నాడు. టేకాకుల మీద బొగ్గుతో బొమ్మలు గీసుకొచ్చి ఒక్కోటీ తిప్పుతూ చూపించాడు. మొదటి ఆకు మీద డొక్కలెండిన జంతువులు, చివరి ఆకు మీద బలిసిన జంతువులు. నడుమ ఆకుల్లో బాణం గుర్తులే.

"కాలం మారింది పెద్దలారా," అన్నాడు. "ఇంకా ఎద్దు వెనకాల తిరిగేదేంటి? నా గుహలో యంత్రముంది. ఇటు గింజలు పోస్తే అటు నూనె వస్తుంది. దీన్నే టెక్నాలజీ అంటారు."

యంత్రాన్ని ఒకసారి చూపిస్తావా అని జాంబయ్య అడిగాడు. వెలుతురు తగిలితే అది చెడిపోతుందన్నాడు నక్క. లోపలి సంగతి తాము చూసుకుంటామని, పెద్దవాళ్ళు ఫలితం చూస్తే చాలని నవ్వాడు. యంత్రం ఎలా పనిచేస్తుందని అడిగితే పట్నంలో అందరూ వాడుతున్నారన్నాడు. పట్నం మాట వినగానే సింగారం తోక సర్దుకున్నాడు. తనకు తెలియదని బయటపడడం ఆయనకు ఇష్టం లేదు.

చివర్లో నక్క మూడు కోరికలు బయటపెట్టాడు. గింజలన్నీ తన గుహకు చేరాలి. పాతది కళ్ళముందుంటే కొత్తది మనసుకెక్కదు కాబట్టి గానుగ విప్పేయాలి. కొమరయ్య విశ్రాంతిగా గట్టు అవతలికి పోవాలి. గట్టు అవతల ఎవరుంటారో అడవిలో పుట్టిన ప్రతి దూడకూ తెలుసు. పులి పేరు మాత్రం సభలో ఎవరూ ఎత్తలేదు.

అప్పుడు నక్క సెల్‌ఫోను పచ్చబొత్తాం నొక్కాడు. సన్నాయి మోగింది.

"బసవన్నా, ఈ మార్పు మనకు మేలేనా?"

బసవన్న తల నిలువుగా ఊగింది. కొట్టం హోరెత్తిపోయింది. ఆ హోరులో పోశవ్వ ఒక్కతే ఆ తలను చూస్తూ నిలబడింది. పాట ఉన్నట్టుండి తెగిపోయింది. పైకి లేచిన తల పైనే ఆగిపోయింది, దిగడం మరిచిపోయినట్టు. నక్క గబుక్కున మళ్ళీ బొత్తాం నొక్కాడు. సన్నాయి అందుకుంది, తల కిందికి దిగింది.

పోశవ్వ చెవులు నిక్కాయి. ఆ ఫోను కట్టేసి మళ్ళీ అడగమంది.

నక్క ఆమె వైపు తిరిగాడు. "అవ్వా, నీ చక్రానికి ఊగని తల నా యంత్రానికి ఊగిందని కడుపుమంట కదూ?" అని సభంతా నవ్వేదాకా ఆగి, జాంబయ్యతో గట్టిగా అన్నాడు: "బసవన్న తల ఊపాడంటే ఊపినట్టే. దేని గురించి ఊపినా సరే, వెనక్కి తీసుకునే ఆచారం ఈ కొట్టంలో ఉందా?"

లేదన్నాడు జాంబయ్య. కట్టుబాటంటే ఆయనకు ప్రాణం.

ఇంకేముంది, గింజలు కదిలాయి. మోసింది ఎవరనుకున్నారు? పోశవ్వే. తను ఏరిన గింజలు, తన వీపు మీద, నక్క గుహకు. బస్తాలు వాకిట్లోనే దింపమన్నారు. లోపల యంత్రం చప్పుడేమీ లేదు. నక్క బావమరుదులు కూర్చుని తాళ్ళు పేనుతున్నారు, బస్తాలు కట్టి రోడ్డు మీదికి లాక్కుపోయి అమ్ముకోవడానికి. అది చూశాక ఆమెకు సందేహం మిగల్లేదు. తెల్లవారితే గానుగ విప్పి కొమరయ్యను సాగనంపుతారు, పొద్దెక్కితే గింజలు రోడ్డెక్కుతాయి.

పొద్దు వాలుతుండగా ఆమె వాగు దగ్గర బసవన్నను పట్టుకుంది. ఆయన ఒక్కడే నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

"నక్క యంత్రం గురించి నీకేం అర్థమైంది పెద్దయ్యా?" అని అడిగింది.

"ఏమీ లేదు."

"మరి తలెందుకు ఊపావు?"

ఆయన నీళ్ళలోంచి ఒడ్డెక్కాడు. "ఊపింది నేను కాదు పోశవ్వా. నేను దూడగా ఉన్నప్పుడు సన్నాయి ఊదుతూ ముక్కుతాడు లాగేవాళ్ళు. పైకి, కిందికి. కొన్నాళ్ళకు తాడు అక్కర్లేకపోయింది. ఇప్పుడు ఆ పాట చెవిన పడ్డాక ఈ మెడ నాది కాదు."

రోడ్డు పక్కన గంగిరెద్దుల ఆటలు చూస్తూ పెరిగిన నక్కకు ఆ సంగతి తెలిసి ఉంటుందని ఇద్దరికీ ఒకేసారి తట్టింది. రేపు సభలో ఈ మాటే చెప్పమంది పోశవ్వ. ఆయన ఒప్పుకోలేదు. ఇన్నేళ్ళ గౌరవం గంగలో కలుస్తుందన్నాడు, తన ఔనులూ కాదులూ అన్నీ ఉత్తవేననుకుంటారన్నాడు.

పోశవ్వకు ఒళ్ళు మండింది. "నీ గౌరవం నిలబడాలని కొమరయ్య పులి నోట్లోకి పోవాలా? నీకు సిగ్గు, వాడికి చావు. నువ్వే తూకం వెయ్యి." గొంతు తగ్గించింది. "సరే, నువ్వు చెప్పలేకపోతే పోనీ. రేపు వచ్చి నీ చోట కూర్చో. చాలు. నిజం చెప్పాల్సినవాడి చేతే చెప్పిస్తాను."

"సన్నాయి మోగితే నువ్వడిగినదానికీ నా మెడ ఊగుతుంది పోశవ్వా," అన్నాడాయన దిగులుగా. "ఏం అడుగుతావో చూసుకుని అడుగు."

మర్నాడు పొద్దున్నే అందరూ కొట్టం ముందు చేరారు. కొమరయ్య తల దించుకుని నిలబడ్డాడు. అతని మెడ నుంచి తీసిన కాడి నేల మీద పడి ఉంది. ఎవరూ అతని కళ్ళలోకి చూడడం లేదు. నక్క మాత్రం మీసాలు దువ్వుకుని, మెడలో ఫోనుతో పెళ్ళికొడుకులా వచ్చాడు.

పోశవ్వ ముందుకొచ్చి నక్కకు వంగి దండం పెట్టింది. నిన్న తనదే పొరపాటంది. ఇన్నేళ్ళు చాకిరీ చేసినవాడిని సాగనంపేటప్పుడు సన్నాయి కూడా లేకపోతే బాగుండదని, ఆ భాగ్యం వీరేశంగారి చేతిలోనే ఉందని బతిమాలింది. గారు అనిపించుకోవడం నక్కకు పుట్టాక అదే మొదలు. పళ్ళన్నీ బయటపెట్టి నవ్వి, పచ్చబొత్తాం నొక్కాడు.

సన్నాయి మోగింది. పోశవ్వ గిరుక్కున వెనక్కి తిరిగింది.

"బసవన్నా, ఆ యంత్రం మా కళ్ళముందు నూనె తీసేదాకా ఈ కాడి వీరేశం మెడ మీద పెట్టాలా?"

బసవన్న తల నిలువుగా ఊగింది. లేచింది, దిగింది, మళ్ళీ లేచింది.

గుంపంతా బిగుసుకుపోయింది. జాంబయ్య మాత్రం ఆలోచించలేదు. ఊపితే ఊపినట్టే కదా. వంగి కాడి ఎత్తుకుని నక్క వైపు నడిచాడు. వీరేశం ఫోను కట్టేయబోయి బొత్తాం తప్పు నొక్కాడు. సన్నాయి ఇంకా పెద్దగా మోగింది, బసవన్న తల ఇంకా గట్టిగా ఊగింది. కాడి నీడ మెడ మీద పడేసరికి నక్కకు తెలివీ జిత్తూ రెండూ పోయాయి.

"ఆగవయ్యా జాంబయ్యా, ఆయన ఆ మాటకు ఊపలేదు! సన్నాయికి ఊపాడు. అది మోగితే ఏం అడిగినా ఊపుతాడు. గంగిరెద్దులంతే, దూడప్పటి అలవాటు."

జాంబయ్య కాడి పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఆయన బుర్ర మెల్లగా తిరుగుతుంది కానీ తిరగడం మానదు.

"అయితే నిన్నటిది?" అని అడిగాడు.

నక్క చూపు గుహ వైపు దారి మీదికి పోయింది.

"ఏదో ఒకటి చెప్పు వీరేశం," అంది పోశవ్వ. "ఊపడం లెక్కలోకి వస్తుందంటే కాడి నీది. రాదంటే గింజలు మావి. రెండూ నీకే కావాలంటే కుదరదు."

అప్పుడు బసవన్న లేచి నిలబడ్డాడు. నక్క చెప్పింది నిజమేనని అందరి ముందూ అన్నాడు. ఇకమీద తన తలను చూడొద్దని, తన నోటి నుంచి మాట వస్తేనే అది తన మాటని చెప్పాడు. ఆయన భయపడినట్టు ఎవరూ నవ్వలేదు. సింగారం ఒక్కడే, తానూ ఆ బొమ్మల్లో ఒక్క ముక్క అర్థం కాకుండానే మెచ్చుకున్నానని గొణిగాడు.

కాడి మోయడం కంటే గింజలు వదులుకోవడమే మేలనుకున్నాడు నక్క. రోడ్డుకు లాగడానికి పేనిన తాళ్ళతోనే నక్కా, బావమరుదులూ బస్తాలన్నీ కొట్టానికి లాక్కొచ్చారు. జాంబయ్య వెనకాలే నడిచాడు. మధ్యలో ఒకడు దమ్ము తీసుకుందామని కూర్చుంటే, యంత్రానికి చెప్పి మోయించుకోవచ్చు కదా అని మర్యాదగా అడిగాడు.

పోశవ్వ అక్కడితో ఊరుకోలేదు. చక్రం సంగతి తేల్చమని పెద్దల ముందు మళ్ళీ నిలబడింది. ఈసారి బసవన్న కళ్ళు బాగా తెరిచి విన్నాడు. విని ఒక ప్రశ్న వేశాడు: వేసవిలో వాగు ఎండితే చక్రం ఏం చేస్తుంది?

పోశవ్వ ఆ సంగతి ఆలోచించనేలేదు. ఒక్క క్షణం కోపం ముక్కు దాకా వచ్చింది. మరుక్షణం, ఇన్నాళ్ళకు ఈ కొట్టంలో తన మాట వినబడిందని అర్థమైంది. తెలియదని ఒప్పుకుంది. తెలుసుకుని వస్తానంది. కొమరయ్యను వెంటబెట్టుకుని, నీళ్ళున్నప్పుడు చక్రం, లేనప్పుడు కాడి ఒకే గానుగకు ఎలా తగిలించాలో చూడడానికి వాగుకు బయలుదేరింది. వాన మొదలయ్యేలోపు తేల్చాలి. తేలుస్తుంది కూడా. వెనక్కి తగ్గే రకం కాదు.

నీతి ఇంతే: అర్థం కానిదానికి తల ఊపినవాడు, ఇంకొకడి మెడకు కాడినీ తాడునూ ఒప్పుకున్నట్టే.

ఇక మీ సంగతి. పెద్ద కుర్చీలో కూర్చుని, ఎదురుగా ఎవరో రంగురంగుల బొమ్మలు తిప్పుతుంటే మీరు కిందటిసారి తల ఊపారు కదా, అప్పుడు మీ వల్ల గట్టు అవతలికి పోయింది ఎవరు?