కొలిమిలో పూసిన తంగేడు

అనగనగా, కొండలన్నిటికీ పేర్లు పెట్టి పెట్టి జనం అలిసిపోయిన కాలంలో, పేరు దక్కని ఒక కొండ కింద ఒక ఊరుండేది. ఊరి చివర ఒక కొలిమి. ఆ కొలిమిలో లింగాచారి సుత్తి పట్టేవాడు. ఆయన భార్య ఓబులమ్మ తిత్తి ఊదేది.

తిత్తి అంటే మేకతోలు సంచి. తాడు లాగితే గాలి పీలుస్తుంది, వదిలితే నిప్పు మీద ఊదుతుంది. చూడ్డానికి తేలికే. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా లాగితే అప్పుడు తెలుస్తుంది, భుజాలు మనవో కావో. బతికుండగా ఆ మేక కూడా అంత ఊపిరి పీల్చి ఉండదు. సరే, మేక సంగతి మనకెందుకు.

ఆ కొలిమికి ఒక కట్టుబాటు ఉంది. నిప్పులో ఇనుము ఉన్నంతసేపూ తిత్తి ఊదే మనిషి నోరెత్తకూడదు. ఇనుము పేరెత్తినా, కాలిందన్నా, కాలలేదన్నా దిష్టి తగిలి పగులుతుందని నమ్మకం. అందుకే కాపురానికి వచ్చిన నాటి నుంచి ఓబులమ్మ తాడు లాగింది, వదిలింది, మాట్లాడలేదు. లాగింది, వదిలింది, మాట్లాడలేదు.

ఒక ఎండాకాలం ఆ ఊళ్ళో కర్రులు విరగడం మొదలైంది. నాగలి మొనకు తొడిగే ఇనుమే కర్రు. అది విరిగితే దుక్కి లేదు. దుక్కి లేకపోతే గింజ లేదు. మొదటి కర్రు విరిగితే ఊరు ఇనుమును తిట్టింది. రెండోది విరిగితే బొగ్గును తిట్టింది. మూడోది విరిగాక లింగాచారిని తిట్టింది.

కారణం ఓబులమ్మకు తెలుసు. ఏళ్ళ తరబడి నిప్పులోకి చూసి చూసి ఆయన కళ్ళు మసకబారాయి. ఇనుము పెట్టి కొట్టే దాగలి ఎక్కడుందో ఆయన చేతులకు తెలుసు. సుత్తి ఎక్కడ పడాలో తెలుసు. ఇనుము ఎంత కాలిందో చెప్పే రంగు మాత్రం చేతులకు తెలియదు. ఆయన ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు, ఆమెకు కూడా.

ఒకనాడు ఉండబట్టలేక ఆమె, "ఇంకా కాలలేదయ్యా," అంది. ఆ వెంటనే పడిన దెబ్బకు ఇనుము పగిలింది.

"నోరెత్తావు! పగిలింది!" అని లింగాచారి సుత్తి విసిరికొట్టాడు.

సరిగా కాలని ఇనుమును కొడితే ఎవరు నోరు మూసుకున్నా పగులుతుంది. కానీ ఆ మాట చెప్పాలన్నా నోరెత్తాలి కదా.

మర్నాడు ఊరి పెద్దకాపు గంగిరెడ్డి సగం ఊరిని వెంటేసుకుని వచ్చాడు. విరిగిన కర్రును దాగలి మీద పడేశాడు.

"ఆచారీ, కొండ మీద మబ్బు చూశావా?"

లింగాచారి కొండకు వీపు పెట్టి, పొలాల వైపు తలెత్తి, "చూశాలే రెడ్డీ," అన్నాడు.

ఆయన చూసిన వైపు మబ్బు లేదని ఓబులమ్మ ఒక్కతే చూసింది. ఇంకెవరూ గమనించలేదు. అందరి కళ్ళూ మబ్బు మీదే ఉన్నాయి.

"మా ఎదుటే ఒక కర్రు చెయ్యి," అన్నాడు గంగిరెడ్డి. "అదీ విరిగితే పొరుగూరి కమ్మరిని తెచ్చి ఇక్కడ కూచోబెడతాం. పిల్లలు గలవాళ్ళం, ఏమీ అనుకోకు."

ఇనుము నిప్పులోకి వెళ్ళింది. ఓబులమ్మ తాడు లాగింది, వదిలింది. మాట్లాడకపోతే కొలిమి పోతుంది. మాట్లాడితే ఆయన చెయ్యి బెదురుతుంది, అప్పుడూ కొలిమి పోతుంది. ఇనుము పేరెత్తకూడదు. నిప్పు పేరెత్తకూడదు. కాలిందనకూడదు. పూల పేర్లు ఎత్తకూడదని మాత్రం ఏ పెద్దలూ అనలేదే!

ఇనుము ముదురెరుపుకు తిరిగింది.

"మందారం," అంది ఓబులమ్మ, ఎవరితోనో అన్నట్టు.

పట్టకారు పట్టిన లింగాచారి చెయ్యి ఆగిపోయింది.

"ఏమ్మా, పూజకు వేళయిందా?" గంగిరెడ్డి నవ్వాడు.

"మాల కట్టాలి రెడ్డిగారూ. ఏ పూలున్నాయో గుర్తు చేసుకుంటున్నా."

లాగింది, వదిలింది. "మోదుగు పూసింది."

మోదుగు! ఆ ఆకుల్లో అన్నం తింటాం గానీ పువ్వును పట్టించుకోం. ఎండల్లో ఆకంతా రాల్చేసి, అడవికి అడవే అంటుకుందా అన్నట్టు పూస్తుంది. కళ్ళు మసకబారినా ఆ రంగు లింగాచారికి గుర్తుంది. ఇనుము తీసి కొట్టాడు. ఇనుము చెప్పినట్టు విన్నది. మళ్ళీ నిప్పులో పెట్టాడు.

"తంగేడు! తంగేడు!" అంది ఓబులమ్మ గబగబా. ఇనుము పసుపుపచ్చగా పూసిందంటే ఇక ఉంచితే మాడిపోతుంది. ఆయన చటుక్కున లాగి కొట్టాడు. మొన సాగింది. రంగు దిగుతూ వచ్చింది. తంగేడు మోదుగైంది. మోదుగు ముదిరింది.

"మందారం."

ఆయన నీళ్ళలో ముంచాడు. తొట్టి బుస్సుమంది.

గంగిరెడ్డి ఆ కర్రును నాగలికి తొడిగించి, ఊళ్ళోకెల్లా గట్టి రాళ్ళచేలో దింపించాడు. ఖంగుమంది. రాయి రెండయింది, కర్రు మాత్రం విరగలేదు. వాన పడేలోగా కొలిమి ముందు నాగళ్ళు బారులు తీరాయి.

జనం వెళ్ళాక లింగాచారి మెల్లగా అడిగాడు. "నీకెప్పుడు తెలిసింది?"

"నేనేసిన ముగ్గు తొక్కుకుంటూ వచ్చావే, ఆనాడు."

"మరి తిట్టలేదేం?"

"నోరెత్తకూడదుగా!"

ఆయన నవ్వాడు. ఆ నవ్వు విని ఆమెకు ఎన్నాళ్ళయిందో.

పొరుగూళ్ళ కమ్మరులు వచ్చి చూశారు. ఈ పూల మాటలేవో పనిలో కిటుకు అనుకున్నారు. కళ్ళు నిక్షేపంగా ఉన్నవాళ్ళు కూడా ఇళ్ళకు వెళ్ళి మందారం, మోదుగు, తంగేడు అని కేకలు పెట్టడం మొదలెట్టారు. విచిత్రమేమిటంటే వాళ్ళ కర్రులూ బాగుపడ్డాయి. ఇద్దరు చూసే ఇనుము ఒక్కరు చూసే ఇనుము కంటే మేలే కదా.

చాలా ఏళ్ళకు ఓబులమ్మ కన్నుమూసింది. ఆనాడు లింగాచారి ఊరందరి ముందూ చెప్పాడు. "నా కళ్ళు ఎప్పుడో పోయాయి. ఇన్నాళ్ళూ మీ కర్రులకు కళ్ళు ఆవిడవే." గంగిరెడ్డి ముసలివాడై కర్ర పట్టుకుని నిలబడ్డాడు. వెళ్ళి, గట్టు మీది తంగేడు కొమ్మ విరిచి తెచ్చి తిత్తి మీద పెట్టాడు.

ఆ కొండ కింది ఊళ్ళల్లో ఇప్పటికీ తొందరపడేవాడిని చూస్తే, "ఇంకా మందారమే, మోదుగు పూయనీరా," అంటారు. కమ్మరింటికి కొత్తకోడలు వస్తే ముందు తిత్తి తాడు చేతికిస్తారు. ఆమె లాగుతుంది, వదులుతుంది. ఇంటిల్లిపాదీ నోరెత్తకుండా నిలబడతారు. మామగారు నిప్పు వైపు చూడకుండా తల తిప్పుకుని, "ఏం పూసిందమ్మా?" అని అడుగుతాడు. ఆ ఇంట్లో ఆ పిల్ల పలికే మొదటి మాట ఒక పువ్వు పేరు. ఆమె చెప్పేదాకా ఎవరూ సుత్తి ఎత్తరు.