ఉప్పుపొన్న పిల్లల్ని ఎందుకు మోస్తుంది

ఒకప్పుడు ఉప్పుపొన్న కూడా అన్ని చెట్లలాగే గింజల్ని గింజలుగానే రాల్చేది. పూత పూసేది, కాయ కాసేది, కాయ పండగానే కిందికి వదిలేసేది. అదే దాని కొంప ముంచింది.

ఎందుకంటే ఉప్పుపొన్న ఉండేది మామూలు నేల మీద కాదు. ఏరు వెళ్లి సముద్రంలో కలిసేచోట, మోకాలి లోతు బురదలో. రోజుకు రెండుసార్లు సముద్రం నుంచి పోటు వచ్చి ఆ బురదనంతా ముంచేసేది. కాసేపుండి వెనక్కి తిరిగేది. తిరుగుతూ తిరుగుతూ, రాలిన గింజలన్నిటినీ ఊడ్చుకుపోయేది.

ఒక ఏడా, రెండేళ్లా? ఆరేళ్లు వరసగా ఇదే తంతు. ఏడాదంతా కష్టపడి కాయడం, ఒక్క పూటలో పోగొట్టుకోవడం. ఉప్పుపొన్నకు విసుగెత్తిపోయింది.

విసుగొక్కటే అయితే ఓర్చుకునేదేమో. భయం కూడా పట్టుకుంది. గట్టున అన్నిటికంటే ముందు, నీళ్ల అంచున నిలబడ్డది అదే. గాలివాన వచ్చినప్పుడల్లా గట్టు మరికాస్త కరిగిపోతోంది. ముందువైపు నాలుగు పిల్లచెట్లు వేళ్లూనితే ఆ బురద నిలుస్తుంది. లేకపోతే ఏదో ఒకరోజు తను ఏట్లో పడుతుంది, తర్వాత వెనకున్న మడచెట్లూ పడతాయి. ఈ సంగతి మడచెట్లకు చెబితే, నీకెప్పుడూ ఏదో ఒక బెంగే వదినా అని ఆకులూపి ఊరుకున్నాయి. వాటితో మాట్లాడటమే దండగ అనుకుంది ఉప్పుపొన్న.

ఏడో ఏడు గింజలు రాలాయి. పోటు వచ్చింది. ఉప్పుపొన్న ఇక ఆగలేకపోయింది.

"పోటన్నా, రోజూ రావాలంటావు, రా. నేను కాదన్నానా? వచ్చినవాడివి వచ్చినట్టు పోకుండా నా పిల్లల్నెందుకు పట్టుకుపోతావు?"

పోటు నొచ్చుకుంది. "పట్టుకోడానికి నాకు చేతులెక్కడున్నాయి చెల్లెమ్మా? ఊరికే పడి ఉన్నదేదైనా నాతో వచ్చేస్తుంది. పాతుకున్నదాన్ని నేనెప్పుడైనా పీకానా? నిన్ను పీకానా?"

అంత చక్కగా మాట్లాడి, వెళ్లేటప్పుడు మాత్రం గింజల్ని వెంటబెట్టుకునే వెళ్లింది. వేళ్ల సందుల్లో చిక్కుకుని పది మిగిలాయి, అంతే.

ఆ పదిటి కోసం ఉప్పుపొన్న బొరియలో ఉండే పీతను బతిమాలింది. కాస్త లోతుగా పాతిపెట్టమంది. పీత సరేనని పదిటినీ బొరియలోకి లాక్కెళ్లి ఆరు తినేసింది. అదేమిటని అడిగితే, అవి తన కూలికి ఇచ్చినవనుకున్నానంది.

మిగిలిన నాలుగింటిలో ఒకటి మొలకెత్తింది. గోరంత తెల్లటి మొలక. ఉప్పుపొన్న దాన్ని చూసుకుని మురిసిపోయింది. ఐదారు రోజులు దానికి వేరే ధ్యాసే లేదు. కానీ ఆ బురద నిండా ఉప్పే. లేత మొలక ఉప్పుకు తట్టుకోలేక గోధుమరంగుకు తిరిగి, మెత్తబడి, వాడిపోయింది.

ఆరోజు పోటు వచ్చి పలకరించినా ఉప్పుపొన్న తిట్టలేదు.

పోటు తగ్గి నీళ్లు తీశాక ఆ బురదలోకి నూకాలు అనే ఆవిడ పీతలు పట్టుకోడానికి వస్తుండేది. ఆవేళ చంటిపిల్లను గుడ్డతో వీపుకు కట్టుకుని వచ్చింది. పిల్ల ఒకటే ఏడుపు. దించమని కాళ్లు తన్నుతుంది, తల్లి జుట్టు పీకుతుంది. నూకాలు తల విదిలించుకుంటూ, ఇనప కొక్కేన్ని ఒక బొరియలోంచి తీసి ఇంకో బొరియలో దూరుస్తోంది.

ఆ గోల భరించలేక ఉప్పుపొన్న అడిగింది, ఎందుకమ్మా ఆ మోత, కాసేపు దించితే నీ పనీ తెములుతుంది, మా చెవులకూ సుఖం కదా అని.

నూకాలు అసలే చిరాకులో ఉంది. "దించితే ఏం నిలబడుతుంది ఇది? కాలు ఆనని పిల్లను ఈ బురదలో దించి అటు తిరిగి ఇటు చూసేసరికి ఉంటుందా? ఏడిస్తే ఏడవనీ. కాళ్లు గట్టిపడ్డాక నేనే దింపుతాను."

అని, వీపు మీద పిల్లను ఇంకాస్త పైకి ఎగదోసుకుని ముందుకు పోయింది. ఉప్పుపొన్న ఆవిడ వీపు మీది పిల్లను చూసింది, తన ఖాళీ కొమ్మల్ని చూసుకుంది.

మరుసటి ఏడు కాయలు పండాయి. ఉప్పుపొన్న వదల్లేదు. తొడిమలు బిగించి పట్టుకుంది. మడచెట్లు వింతగా చూశాయి. మీ పని మీరు చూసుకోండని కసిరింది.

కొమ్మమీద ఉండగానే గింజలకు మెలకువ వచ్చింది. అక్కడినుంచి తల్లికి శాంతి లేదు. ఒకటి దాహమంటుంది, ఒకటి ఉక్కపోస్తోందంటుంది, ఇంకోటి పక్కది తోస్తోందంటుంది. నలభై కలిసి ఎప్పుడు దింపుతావని ప్రాణం తోడేసేవి. ఉప్పుపొన్న నీళ్లలోని ఉప్పును వేళ్ల దగ్గరే ఆపి, లోపలికొచ్చిన నీరు ముందు పిల్లలకు పట్టేది. మిగిలితే తను తాగేది. దాని పాత ఆకులు పసుపుపచ్చగా మారి రాలిపోయాయి.

పిల్లల కాళ్లు కాయల్ని చీల్చుకుని బయటికొచ్చాయి. వేలెడు పెరిగాయి, జానెడు పెరిగాయి. పచ్చటి మునక్కాయల్లా కిందికి వేలాడాయి. జానెడు రాగానే, ఇక చాలదా అని మళ్లీ మొదలు.

వాటిలో ఒకటి బాగా దుడుకుది. తల్లి మాట వినకుండా ఊగి ఊగి తొడిమ తెంపుకుని, సరిగ్గా పోటు నిండుగా ఉన్నప్పుడు దూకేసింది. ఎటు పోయిందో ఎవరూ చూడలేదు.

రెండు రోజులు మిగతావి కిమ్మనలేదు. మూడోరోజు మళ్లీ గొడవ మొదలుపెట్టాయి. ఆ గొడవ వినేసరికి ఉప్పుపొన్నకు ఏడుపూ వచ్చింది, కోపమూ వచ్చింది. "మూరెడు అయ్యేదాకా ఒక్కరు కూడా నన్ను అడగొద్దు," అంది. అడక్కుండా ఉన్నాయా? రోజూ అడిగాయి. అది రోజూ కాదంది.

చివరికి ఒక ఉదయం నీళ్లు పూర్తిగా తీసి బురద మెత్తగా బయటపడింది. ఉప్పుపొన్న పిల్లల్ని ఒకసారి కిందినుంచి పైదాకా చూసుకుంది. కాళ్లు గట్టిపడ్డాయి, కొసలు మొనదేలాయి.

"ఇక దిగండి. వంకర పడొద్దు, నిటారుగా పడండి."

ఒకదాని వెనక ఒకటి సూటిగా పడి, మేకుల్లా బురదలో దిగబడ్డాయి.

సాయంత్రం పోటు వచ్చింది. పిల్లల చుట్టూ తిరిగింది, తోసింది, లాగింది. సరిగా దిగని ఎనిమిది లేచి తేలుతూ వెళ్లిపోయాయి. ముప్పై ఒకటి కదల్లేదు.

"ఇవి రావడంలేదేమిటి చెల్లెమ్మా?" అంది పోటు.

"రావు," అంది ఉప్పుపొన్న. ఇన్నేళ్లలో పోటుతో అది మెల్లగా మాట్లాడటం అదే మొదలు.

వెళ్లిన ఎనిమిదీ కాళ్లు కిందికి పెట్టుకుని నిలువునా తేలుతూ పోయి, వేరే ఏటి ఒడ్డున వేళ్లూనాయని నెల తర్వాత పోటే వచ్చి చెప్పింది. ఇక్కడి పిల్లలు వేళ్లు అల్లుకుని బురదను పట్టుకున్నాయి. ఆపై ఏడు గాలివాన వస్తే గట్టు పిడికెడు కూడా కరగలేదు.

అప్పటినుంచే ఉప్పుపొన్న తన గింజల్ని గింజలుగా రాల్చడం మానేసింది. ఇవాళ్టికీ ఆ గింజలు తల్లి కొమ్మకు వేలాడుతూనే మొలకెత్తి, మూరెడు పొడవు పెరిగి, తమ కాళ్లమీద తాము నిలబడగలిగాకే బురదలోకి దిగుతాయి.