వెల్లుల్లి మాడిన పూట

ప్రశ్న అడిగితే వెంటనే జవాబు చెప్పడం డాక్టరు పట్నాయక్ గారి అలవాటు కాదు. సాలూరులో ఆయన దగ్గర వైద్యం నేర్చుకుంటున్న ఇందుమతికి అది తెలుసు. అయినా ఆ ఉదయం ఉండబట్టలేక అడిగేసింది.

"సార్, అన్నం లోపలికి వెళ్ళాక కడుపు గోడల్లో ఆమ్లం ఊరుతుంది. ఆ ఆమ్లం తగిలితే పెప్సిన్ చురుకై మాంసకృత్తుల్ని విడగొడుతుంది. గున్నయ్యకు మూడు పూటలా గంజి వెళుతూనే ఉంది. కడుపులో పుండు లేదు, గడ్డ లేదు. అరుగుదల మాత్రలు కూడా ఇచ్చాను. మరి ఎందుకు అరగడం లేదు?"

గున్నయ్య ముప్పై ఏళ్ళు లారీ నడిపినవాడు. భార్య పోయిన రెండు నెలల్లో తొమ్మిది కిలోలు తగ్గాడు. ఏం తిన్నా గుండెల కింద రాయి పెట్టినట్టుందంటాడు. కూతురు సూరమ్మ ఉప్పుకారాలు లేని గంజి వడగట్టి, క్యారేజీలో తెచ్చి, తాగించి వెళుతుంది. ఆ మనిషి తన చేతుల్లోనే కరిగిపోతున్నాడని ఇందుమతికి దిగులు పట్టుకుంది.

పట్నాయక్ గారు లేచి చెప్పులు వేసుకున్నారు. సంతలో వంకాయలు, ఎండురొయ్యలు కొని ఆమెను వెంటబెట్టుకుని గున్నయ్య ఇంటికి వెళ్ళారు. మంచం మీద అతను గోడకేసి తిరిగి పడుకుని ఉన్నాడు.

"మా ఇంటావిడ ఊరెళ్ళింది గున్నయ్యా. నాకు వంట చేతకాదు, ఆకలేస్తోంది. నీ పొయ్యి వాడుకుంటాను," అన్నారు డాక్టరుగారు.

ఆయనకు వంట నిజంగానే రాదు. మూకుడులో నూనె పొగలు కక్కేదాకా చూస్తూ నిలబడి, ఆవాలూ వెల్లుల్లీ ఒకేసారి పడేశారు. ఇందుమతి సాయానికి లేవబోతే చేత్తో వారించారు. చిటపటలతో పాటు ఘాటు గదంతా కమ్ముకుంది.

మంచం కిర్రుమంది.

"మాడిపోతంది బాబూ! దించీండి, దించీండి!" గున్నయ్య గోడ పట్టుకుని లేచి వచ్చాడు. డాక్టరు చేతిలో గరిటె లాక్కున్నాడు. "దారిలో పదిమందికి వండీవోడిని. ఇలాగా పోపెడతారు?"

మళ్ళీ నూనె పోశాడు. రొయ్యలు వేయించాడు, వంకాయ ముక్కలు కలిపాడు. ఉప్పు చాలిందో లేదో చూడబోయేలోగానే నోరూరి రెండుసార్లు గుటక వేశాడు. అతని కడుపు గురగురలాడడం పక్కనున్న ఇందుమతికి స్పష్టంగా వినిపించింది. అప్పటికి అతని నోట్లోకి ఒక్క మెతుకు కూడా పోలేదు.

ముగ్గురూ నేల మీద కూర్చుని తిన్నారు. గున్నయ్య నాలుగు ముద్దలే తిన్నాడు. అయితే వాళ్ళకు వడ్డిస్తూ, "అది ఉంటే ఇంకో గరిటె ఏసీది మీకు," అన్నాడు. కళ్ళు తుడుచుకుని అయిదో ముద్ద కలిపాడు. గంటసేపు కబుర్లు చెప్పాడు గానీ రాయి మాట ఎత్తలేదు.

వీధిలోకి వచ్చాక ఇందుమతి, "ముద్ద లోపలికి వెళ్ళకముందే, పోపు వాసనకే ఆమ్లం ఊరింది సార్," అంది. తర్వాత మెల్లగా, "సూరమ్మకు ఏం చెప్పమంటారు సార్?" అని అడిగింది.

"రేపు ఖాళీ చేతులతో రమ్మను," అన్నారు పట్నాయక్ గారు. "ఆకలితో రమ్మను."