వంతెన కింద గరుత్మంతుడు

పేర్రాజుకి గరుత్మంతుడు కావాల్సొచ్చాడు. అదీ శుక్రవారం లోపల.

కాకినాడలో కొత్తగా లేచిన కాలనీలో బట్టల కొట్టు చిట్టెయ్యగారు తన తల్లి పేరున ఒక హాలు కట్టించాడు. రోజూ సాయంత్రం అక్కడ ఎవరో ఒకరు తత్వాలు పాడాలి, నాలుగు మంచి మాటలు చెప్పాలి. ఆ చెప్పేవాడు పేర్రాజు అయితే బాగుంటుందని ఆయన మనసు. పేర్రాజు గొంతు మంచిది. మాట కూడా మంచిదే. మొదలుపెట్టాక ఆపించడమే కష్టం.

అయితే చిట్టెయ్యగారికి ఒక బావమరిది ఉన్నాడు. అంత లక్షణమైన హాలు తత్వాలకెందుకు బావా, జిమ్ముకిస్తే అద్దె వస్తుంది కదా అని చెవిలో పోరుతున్నాడు. చిట్టెయ్యగారేమో చివర ఎవరు మాట్లాడితే వాళ్లదే రైటని తోచే మనిషి.

"మీకేదో తక్కువని కాదండి," అన్నాడు పేర్రాజుతో, నొచ్చుకుంటూనే. "మా కాలనీ జనానికి మీరెవరో తెలీదు కదండీ. మీ గురువుగారి నెత్తి మీద పొద్దున్నే గరుత్మంతుడు తిరుగుతాడని ఊరంతా చెప్పుకుంటారు. శుక్రవారం హాలు తెరిచేలోపల మీక్కూడా అలాంటి నిదర్శనం ఒక్కటి కనపడిందనుకోండి, మావాడి నోరు మూతపడుద్దండి."

లేకపోతే జిమ్మే. ఆ మాట ఆయన అనలేదు. పేర్రాజుకి వినపడింది.

నిజానికి ఆ కథ ఊరంతా చెప్పిందీ పేర్రాజే.

అతని గురువు దాలయ్య పుట్టింది చేపలు పట్టే ఇంట్లో. సాయంత్రం అరుగు మీద తంబురా, తెల్లారితే ఉప్పుటేట్లో గాలం. రెండింటి దగ్గరా ఒకేలా కూర్చునేవాడు. పేర్రాజుకి తంబురా నచ్చింది గాని గాలం నచ్చలేదు. గురువన్నాక పులిచర్మం మీద కూర్చోవాలి. రొయ్యల షెడ్డు వెనకాల బురదలో కూర్చుంటే చెప్పుకోవడానికేం బాగుంటుంది?

అయినా శిష్యుడు కాబట్టి రోజూ వెంట వెళ్లేవాడు, వంతెన దాకా. గురువుగారు అక్కడ చెప్పులు విడిచి గట్టు దిగిపోతే, ఆ చెప్పుల్ని రెండు చేతులా గుండెకి హత్తుకుని పిట్టగోడ దగ్గర నిలబడేవాడు. కిందికి మాత్రం ఒక్కనాడూ దిగలేదు. పంచె పాడైపోదూ?

అక్కణ్ణుంచే ఒకనాడు చూశాడు. ఇటికరంగు రెక్కలు, తెల్లటి మెడ. గరుడ పక్షి వచ్చి గురువుగారి నెత్తి మీద ఒక చుట్టు తిరిగింది. ఇంకో చుట్టు తిరిగింది. పేర్రాజు లెంపలేసుకుని అక్కడే ఏడ్చేశాడు. నిజంగానే ఏడ్చాడు, అందులో నటనేం లేదు. ఆ సాయంత్రం పాలకొట్టు దగ్గర చెప్పాడు, రాత్రి భజనలో చెప్పాడు, ఆ తర్వాత ఎవరు దొరికితే వాళ్లకి చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ పక్షి ఇంకాస్త కిందికి దిగింది.

ఈ కథంతా దాలయ్య చెవిన పడిందో లేదో తెలీదు. పడినా ఆయన ముఖం చూసి కనిపెట్టడం ఎవరి తరమూ కాదు.

ఆ సాయంత్రం పాట అయిపోయి అందరూ లేచాక పేర్రాజు అరుగు దగ్గరే ఆగిపోయాడు.

"గురువుగారూ, ఒక్క వరం కావాలండి."

"అడుగు."

"మీకు తిరిగే గరుత్మంతుడు నాక్కూడా ఒక్కసారి తిరిగితే చాలండి. ఏ మంత్రవైనా చేస్తాను. ఉపవాసం ఉండమన్నా ఉంటాను."

హాలు సంగతి, బావమరిది సంగతి అంతా చెప్పుకున్నాడు. దాలయ్య తంబురాకి గుడ్డ చుట్టి మూలన పెట్టాడు.

"రేపొద్దున్న రా."

"రోజూ వస్తానే ఉన్నాను కదండీ."

"వంతెన మీదకి కాదురా. కిందికి రా."

పేర్రాజు తన పంచె కేసి చూసుకున్నాడు. "ఏం కట్టుకు రమ్మంటారండి?"

"పాతయ్యి."

పేర్రాజు కొత్తవే కట్టుకున్నాడు. గురువు పిలిచి మరీ దీక్ష ఇస్తుంటే పాత పంచెతో వెళ్తారా ఎవరైనా? చిట్టెయ్యగారు పెట్టిన పట్టు ఉత్తరీయం కూడా వేసుకున్నాడు. అంతేకాదు, పొద్దున్నే వంతెన మీదకి వచ్చి కళ్లారా చూసుకోమని చిట్టెయ్యగారికి కబురు కూడా పెట్టాడు. ఆయన వాకింగు బూట్లతో, బనీనుతో వచ్చి పిట్టగోడకి ఆనుకుని నిలబడ్డాడు.

పేర్రాజు చెప్పులు వంతెన మీద విడిచి, పంచె ఎగ్గట్టి, ఒక్కొక్క అడుగే వేస్తూ గట్టు దిగాడు. చివర్లో మూడడుగులు కాలితో కాకుండా వీపుతో దిగాడు.

కింద వాసన గుప్పుమంది. ఒక పక్క రొయ్యల షెడ్డు, ఇంకో పక్క ఐసు ఫ్యాక్టరీ గోడ, నెత్తి మీద బస్సుల హారన్లు. విరిగిన సిమెంటు తూము మీద దాలయ్య గాలం వేసుక్కూర్చున్నాడు. పక్కన ఒక బకెట్టు, అందులో కాసిని జెల్ల చేపలు. ఇంకో పక్క రేకు డబ్బా, దాని మీద మూత.

"కూకో," అన్నాడు. "మాటాడకు."

పేర్రాజుకి మొదటిదానికన్నా రెండోదే కష్టమైన సాధన.

కాసేపటికి ఒక కొంగ వచ్చింది. మనుషులంటే భయం లేకుండా నడుచుకుంటూ వచ్చి గురువుగారికి మూరెడు దూరంలో నిలబడిపోయింది. పేర్రాజు చేతులు జోడించాడు.

"నోరులేని పక్షికి ఎంత భక్తండీ!"

"ఊఁ."

ఐసు ఫ్యాక్టరీ గోడ దూకి రెండు పిల్లులు వచ్చాయి. అవీ వచ్చి వరసగా కూర్చున్నాయి.

"పిల్లులు కూడానండీ!"

"ఊఁ."

ఇంతలో ఏటి మధ్య నీళ్లు పాయలుగా విడిపోయాయి. లోపల్నించి గుండ్రటి తల ఒకటి బయటికి వచ్చింది. చిన్న చెవులు, తెల్లటి మీసాలు, గంభీరమైన చూపు. బస్సులు తిరిగే వంతెన కింద ఇలాంటి వారొకరుంటారని పేర్రాజు కలలో కూడా అనుకోలేదు. ఎవరో పెద్దాయన స్నానానికి దిగి తలెత్తినట్టుంది.

"ఈయనెవరండీ?" అన్నాడు గొంతు తగ్గించి.

"నీటికుక్క. బకెట్టు మీద చెయ్యెయ్యి."

పేర్రాజు నమస్కారం పెట్టిన చేతులు విడదీసేలోపలే ఆ పెద్దాయన గట్టెక్కి, బకెట్లో తల పెట్టి, లావుపాటి జెల్లనొకదాన్ని నోట కరుచుకుని నీళ్లలోకి జారిపోయాడు. పోతూ పోతూ ఒళ్లు దులుపుకుంటే ఆ నీళ్లు పట్టు ఉత్తరీయం మీద పడ్డాయి.

"పోన్లే, ఆడూ తినాలి కదా," అన్నాడు దాలయ్య.

పేర్రాజు మనసులో ఏదో కలుక్కుమంది. కొంగ కేసి చూశాడు. అది గురువుగారి కేసి చూడ్డం లేదు, బకెట్టు కేసి చూస్తోంది. పిల్లులూ అంతే. కాసేపు ఇబ్బంది పడ్డాడు గాని, వెంటనే సర్దుకున్నాడు. పిల్లులూ కొంగలూ అంటే మామూలు జీవాలు, తిండి కోసం వస్తాయి. గరుత్మంతుడి సంగతి వేరు. ఆయన సాక్షాత్తూ విష్ణువు వాహనం కదా!

అప్పుడే నీళ్ల మీద నీడ కదిలింది. ఇటికరంగు రెక్కలు. పేర్రాజుకి ఒళ్లంతా గగుర్పొడిచింది.

"వచ్చారండీ!"

"కళ్లు మూసుకో," అన్నాడు దాలయ్య. "తల వంచు."

రేకు మూత తీసిన చప్పుడైంది. తర్వాత గురువుగారి అరచెయ్యి పేర్రాజు నడినెత్తి మీద పడింది. గురువు శిష్యుడి తల మీద చెయ్యి వేసి తన దగ్గరున్నదంతా ఇచ్చేస్తాడని పేర్రాజు ఎన్ని సభల్లో చెప్పాడో! అది ఇవాళ తనకే జరుగుతోంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. గురువు అనుగ్రహం చల్లగా ఉంటుందని విన్నాడు గాని, ఇలా చెవుల వెనకనించి కారుతుందని ఎవరూ చెప్పలేదు.

చెయ్యి తీసేశాక కూడా నెత్తి మీద బరువు అలాగే ఉంది. దాలయ్య లేచి దూరంగా జరిగిన అలికిడైంది.

"అదిగో! అదిగో!" అని పైనించి చిట్టెయ్యగారి కేక. "తిరుగుతున్నాడు! మీ మీదే తిరుగుతున్నాడండీ!"

గరుడ పక్షి ఒక చుట్టు తిరిగింది. ఇంకో చుట్టు తిరిగింది. ఆ తర్వాత దిగింది.

దిగడమంటే అలా ఇలా దిగలేదు. రెండు గోళ్లతో పేర్రాజు నెత్తి పట్టుకుని, అక్కడున్న దానిలో సగం గుప్పిట బిగించి, అడ్డొచ్చిన ఉత్తరీయం కొంగుతో సహా లేచింది. మిగతా సగానికి కాకులొచ్చాయి. కాకులకి కోపం వచ్చిందని కొంగ కదిలింది, కొంగ కదిలిందని పిల్లులు భుజాల మీదకి ఎక్కాయి. పేర్రాజు "నారాయణా" అనబోయి "అమ్మో" అన్నాడు. ఇప్పుడు ప్రదక్షిణం చేస్తున్నది పేర్రాజే. తూము చుట్టూ మూడుసార్లు పరిగెత్తి, బకెట్లో కాలు పెట్టి, నడుం దాకా బురదలో కూలబడ్డాడు.

ఐసు ఫ్యాక్టరీ కప్పు మీద గరుడ పక్షి తాపీగా రొయ్య తలకాయలు తింటోంది. పట్టు ఉత్తరీయం రేకులకి తగులుకుని గాలికి ఎగురుతోంది.

వంతెన మీద మాత్రం ఇదంతా ఇంకోలా కనపడింది. గరుత్మంతుడు దిగి వచ్చాడు, భక్తుడి శిరస్సు తాకాడు, ఉత్తరీయం ఆకాశానికి తీసుకుపోయాడు. బండి మీద పెరుగమ్మే ఆవిడ దిగి దణ్ణం పెట్టింది. స్కూలు ఆటో ఆగింది. అందరూ లెంపలేసుకుంటున్నారు.

"చూశానండీ! రెండు కళ్లా చూశాను!" అన్నాడు చిట్టెయ్యగారు పిట్టగోడ మీంచి వంగి. "శుక్రవారం మీరేనండీ! జిమ్మూ లేదు, గిమ్మూ లేదు!"

దాలయ్య తాపీగా గాలం తాడు చుట్టుకుంటున్నాడు.

"నీక్కావాల్సింది వచ్చింది కదా," అన్నాడు. "ఎళ్లు."

పేర్రాజు లేచి నిలబడ్డాడు. చెవి దగ్గర రొయ్య మీసం ఒకటి వేలాడుతోంది. హాలు తనదే. మైకు తనదే. అబద్ధం కూడా చెప్పక్కర్లేదు. చేతులు జోడించి గట్టెక్కి, ఏమీ మాట్లాడకుండా ఊరుకుంటే చాలు. ఎంత కాలంగానో కోరుకున్నది నాలుగడుగుల పైన నిలబడి ఉంది.

తలెత్తి చూశాడు.

చిట్టెయ్యగారు పిట్టగోడ దగ్గర, పేర్రాజు చెప్పుల్ని రెండు చేతులా గుండెకి హత్తుకుని నిలబడి ఉన్నాడు. చెంపల మీద నీళ్లు కారుతున్నాయి.

అదే చోటు. అదే నిలబడ్డం.

పేర్రాజుకి సిగ్గేసింది. చెవుల దాకా వేడెక్కిపోయేంత సిగ్గు. నవ్వు కూడా వచ్చింది. ఏది ముందొచ్చిందో అతనికే తెలీలేదు. గురువు కేసి చూశాడు. ఆయన తాడు చుట్టుకోవడం ఆపలేదు గాని, చేతులు నెమ్మదించాయి.

"చిట్టెయ్యగారూ!" అని కేకేశాడు పేర్రాజు. "ఆ చెప్పులు కింద పెట్టేసి ఒకసారి ఇలా కిందికి రండి."

"నేనాండీ?" చిట్టెయ్యగారు తన బూట్ల కేసి చూసుకున్నాడు. "బురద కదండీ. ఇక్కణ్ణుంచి బాగానే కనపడతాందండి."

"అవునండి. అక్కణ్ణుంచి బాగానే కనపడుద్ది."

"పోనీ దిగితే ఇంకా బాగా కనపడతారాండీ గరుత్మంతులు?"

పేర్రాజు జుట్టులోంచి ఒక రొయ్య తలకాయ తీసి, అందరికీ కనపడేలా పైకెత్తాడు.

"కిందికొస్తే వాసనొస్తాదండి."

పెరుగావిడ జోడించిన చేతులు నెమ్మదిగా దించేసుకుంది. ఆటోలోని పిల్లలు మాత్రం కిచకిచా నవ్వారు. చిట్టెయ్యగారు రొయ్య తలకాయ కేసి చూశాడు, తన చేతుల్లోని చెప్పుల కేసి చూశాడు. బావమరిది గుర్తొచ్చాడో ఏమో, ముఖం ఒకసారి అటూ ఇటూ అయింది.

తర్వాత చెప్పులు పిట్టగోడ మీద పెట్టి, వంగి, బూట్ల లేసులు విప్పుకోవడం మొదలుపెట్టాడు.

దాలయ్య నవ్వాడు. తూము మీద పక్కకి జరిగి, ఇద్దరికి చోటిచ్చాడు.

"శుక్రవారం హాల్లో ఆ వాసన మాటొక్కటే చెప్పు," అన్నాడు పేర్రాజుతో. "చెప్పి, ఆపెయ్."